సగం రేటు పాసు

మాది ఎస్.కోట. కొండెక్కి వ్యాపారం మొదలుపెట్టి ముప్పయ్యొక్క ఏళ్లయింది. అల్లం, పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా చిక్కుళ్లు, కొండచీపుర్లు... ఏ కాలంలో ఏది దిగితే అది కొంటాను. ఇన్నేళ్లలో మనుషుల్ని కూడా సరుకులాగే చూడటం అలవాటైపోయింది. ఎవరు ఎదురుపడినా తేమెంత, తరుగెంత, ఎన్నాళ్లు నిలవుంటుంది అని లోపల ఒక అంచనా వేసేసుకుంటాను. ఆ అంచనా రెండుసార్లే తప్పింది. ఒకటి నా పెళ్లప్పుడు. మా అసిరమ్మ నెమ్మదస్తురాలనుకున్నాను. రెండోది వంతల ఉదయ్ విషయంలో.

ఉదయ్ తురాయిగుడ సర్పంచి. అంతకుముందు విశాఖలో ఆరేళ్లు లాయరుగా ఉన్నాడు. కొండమీద పుట్టినవాడు లా చదివి, నల్లకోటు తొడుక్కుని, మళ్లీ ఆ కోటు మడిచి సంచిలో పెట్టుకుని ఊరికొచ్చేశాడంటే అక్కడేదో నడవక వచ్చేశాడని లెక్కగట్టాను. ఎన్నికల్లో నిలబడితే అరవై ఒక్క ఓట్ల తేడాతో గెలిచాడు. గెలిచిన వారమే సంతకి ఒక మడతకుర్చీ, ఒక రేకుబోర్డు పట్టుకుని దిగాడు. సంతలో ఏ సరుకుకి ఎంత ఆశీలు కట్టాలో బోర్డుమీద తెల్లరంగుతో రాసి ఉంది. నెత్తిన మోసుకొచ్చే బుట్టకి ఏమీ కట్టక్కర్లేదని కింద ఎర్రరంగుతో ఇంకా పెద్దగా రాసి ఉంది. బోర్డు పాతి, పక్కన కుర్చీ వేసుకుని, ఎవరికి ఏ అర్జీ కావాలన్నా ఊరికే రాసిపెట్టడం మొదలుపెట్టాడు. ఊరికే పనిచేసేవాడు ఎక్కువకాలం నిలవుండడు. అదీ నా లెక్క.

మధ్యాహ్నం నా దగ్గరికొచ్చాడు. సంచిలోంచి ప్రభుత్వం ముద్ర ఉన్న కిలో రాయి తీసి నా ఎలక్ట్రానిక్ కాటామీద పెట్టాడు. తొమ్మిదివందల అరవై గ్రాములు చూపించింది.

“సలికి మిషను మొండికేత్తాదండి లాయరుబాబు,” అన్నాను.

“అలాగైతే కాసేపు ఎండలో పెట్టు మామా. గంటాగి వస్తాను,” అన్నాడు. కోప్పడలేదు, నవ్వలేదు. రాయి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

గంట తర్వాత వచ్చి మళ్లీ పెట్టాడు. సరిగ్గా వెయ్యి. ఎండ బాగా పనిచేసింది. తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కాటాలో వేలు పెట్టే జోలికి నేను పోలేదు. కానీ ఆ రోజు అతను చూడనిది ఇంకొకటి నా జేబులో ఉంది. ఈ కథంతా దాని గురించే.

తురాయిగుడ సంత గురువారం. అక్కణ్ణుంచి మెయిన్ రోడ్డుకి తొమ్మిది కిలోమీటర్ల దిగుడు. సంత మైదానంలో ఆశీలు వసూలు చేసుకునే హక్కుని పంచాయతీ వేలం వేస్తుంది. కాగితాలమీద ఎవరో కొండమనిషి పేరుండేది గాని, పాట పాడించేదీ నడిపించేదీ లక్ష్మీప్రసాద్. ఆయనా నాలాగే కింద నుంచి వచ్చినవాడే. నేను సరుకు కొని అమ్మి నాలుగు డబ్బులు చూసుకుంటాను. ఆయన సరుకు ముట్టుకోకుండానే చూసుకునేవాడు.

ఆయన హక్కు సంత మైదానం వరకే. అయినా సంత దాటగానే రోడ్డుకి అడ్డంగా ఒక వెదురుగేటు వేశాడు. వారంలో ఏడు రోజులూ, ఏ బండి దిగినా కట్టాల్సిందే. కడితే రసీదు లేదు. నెమలిబొమ్మ ముద్ర వేసిన చిన్న పచ్చచీటీ ఇస్తారు. కింద మెయిన్ రోడ్డు దగ్గర రెండో గేటు. అక్కడ చీటీ ఇచ్చేస్తేనే బండిని వదులుతారు. కింది గేటువాడు ఆ చీటీల్ని తన టీపొయ్యిలో పడేసేవాడు. పైన పుట్టిన సాక్ష్యం కిందికొచ్చేసరికి బూడిద. ఒక వ్యాపారిగా ఆ తెలివిని మెచ్చుకునేవాణ్ణి కూడా.

మెచ్చుకోడానికి ఇంకో కారణం ఉంది. ఆ గేటువల్ల నాకు నష్టం లేదు, లాభం. లక్ష్మీప్రసాద్‌తో మాట్లాడుకుని నా వ్యానుకి సగం రేటు పాసు తెచ్చుకున్నాను. రైతుల దగ్గర మాత్రం గేటు ఖర్చని కిలోకి ఒక రూపాయి పూర్తిగా కోసేవాణ్ణి. మిగిలేది నాది. మామూలు చీటీలకి ముద్ర చాలు గాని పాసుమీద లక్ష్మీప్రసాద్ తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. పై గేటులో ఉండే మల్లేశుమీద ఆయనకి నమ్మకం లేదు. ముద్ర మల్లేశు దగ్గరుంటుంది కాబట్టి, సంతకం లేకపోతే వాడు తన చుట్టాలందరికీ పాసులు కొట్టి ఇచ్చేస్తాడని భయం. ‘వరహాలరావు వ్యాను, పై గేటులో సగమే తీసుకోవాలి, కింది గేటులో చీటీ అడక్కుండా వదలాలి’ అని రాసి, పొడుగ్గా సంతకం చేసి, పక్కన నెమలిముద్ర కొట్టి ఇచ్చాడు. వానలకి తడిసిపోతుందని అరకులో ఇరవై రూపాయలిచ్చి లామినేషన్ చేయించాను. నా జీవితంలో ఇంత దూరం వెళ్లిన ఇరవై రూపాయలు ఇంకోటి లేదు.

ఉదయ్ ఆ గేటుమీద పడ్డాడు. ఏడాదిలో పద్నాలుగు అర్జీలు పెట్టాడు. విశాఖ కోర్టులో కేసు వేశాడు. లక్ష్మీప్రసాద్‌ని ఎవరైనా అడిగితే, “ఏ గేటండీ? ఆవులు రోడ్డెక్కకుండా ఊరోళ్లు కట్టుకున్నదండీ అది,” అనేవాడు. బండ్లవాళ్లెవరూ సాక్ష్యానికి రారు. రేపు మళ్లీ అదే గేటులోంచి దిగాలి కదా. కోర్టుకెళ్లిన ప్రతిసారీ ఉదయ్ వాయిదా తీసుకుని ఆఖరి బస్సులో వచ్చేవాడు.

రెండు గేట్లకీ నడుమ, అదే పంచాయతీలో, జోడుమామిడి అనే ఊరుంది. అక్కడ ఉదయ్ మేనత్త సోములమ్మ ఉంటుంది. ముక్కుకి మూడు పోగులు, నోటికి తాళం లేదు. అతను బస్సు దిగగానే, వేటనుంచి వచ్చినవాణ్ణి అడిగినట్టు మొదలుపెట్టేది.

“ఏటల్లుడా, ఈపాలీ ఏటకెళ్లి వాయిదానే కొట్టుకొచ్చినావా? కూరొండమంటావా, ఏపమంటావా?”

“ఎండబెట్టు అత్తా. ఒరుగులు సేసుకుందారి,” అనేవాడు ఉదయ్.

మండలాఫీసులో ఆఫీసరమ్మ మంచి మనిషే గాని కాగితం లేనిదే అడుగు కదపదు. “గేటు ఆయనదే అని రుజువు చూపించండి. వేలంలో ఆయన మనిషిని కూర్చోనివ్వను. లేకపోతే ఈసారి పాట మూడేళ్లకి. నేను ఆపలేను,” అని ఖండితంగా చెప్పేసింది. వేలం ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన.

మార్చిలో గ్రామసభ జరిగింది. నేనూ వెళ్లాను. అల్లం ధర ఎంత దాకా వస్తుందో నలుగురు కూడినచోట వినపడుతుంది. ఒక ముసలాయన లేచి, “బోర్డెట్టినావు, బాగుంది. మరి గేటో?” అని అడిగి కూర్చున్నాడు. అంతే అన్నాడు. ఉదయ్ కుర్చీలోంచి లేచాడు. తర్వాత ఒక మాటన్నాడు.

“ఇటుకల పండగ ఆఖరి రోజు దాకా టైమియ్యండి. ఆ రోజుకి గేటు పని పట్టకపోతే రాజీనామా కాగితం మీ సేతిలో పెడతాను. ఏటనుంచి ఉత్తసేతుల్తో వచ్చినోడికి మన ఆడోళ్లు ఏటి సేత్తారో నాకూ అదే సెయ్యమనండి.”

సభంతా గొల్లుమంది. ఎందుకంటే అక్కడ ఆ మాటకి అర్థం తెలియనివాడు లేడు. ఇటుకల పండుగ చైత్రంలో వస్తుంది. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఊళ్లో ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుగెడ కట్టి, వచ్చేపోయే బండ్లని ఆపి, డప్పులతో థింసా ఆడి, పజోరు అని పండుగ మామూలు అడుగుతారు. ఎవరికి తోచింది వాళ్లిస్తారు. ఇవ్వకుండా మాత్రం పోనివ్వరు. సాయంత్రం వేటనుంచి ఖాళీ చేతులతో వచ్చిన మగవాడి నెత్తిమీద కుండెడు పేడనీళ్లు పోస్తారు. ఇప్పుడు వేటలో దొరికేదీ లేదు, దొరికినా కొట్టకూడదని చట్టం. అందుకని ఉదయ్ సర్పంచి అయ్యాక పనసకాయ తెచ్చినా వేటగానే లెక్కించాలని తీర్మానం రాయించాడు. మగవాళ్లందరూ చేతులెత్తారు. ఆడవాళ్లకి ఆ తీర్మానం నచ్చలేదు.

పండుగకి వారం ముందు ఉదయ్ నా కాటా దగ్గరికొచ్చి బస్తామీద కూర్చున్నాడు.

“మామా, ఒక స్టేట్‌మెంటు ఇస్తావా? గేటులో డబ్బు కడుతున్నానని. నువ్వు ముప్పై ఏళ్ల సావుకారివి. నీ మాటకి విలువుంటుంది.”

“అందరూ కడతన్నారు, నేనూ కడతన్నాను. అందులో ఏటుందండి రాయడానికి?”

“అందరూ ఎంత కడతారో నాకు తెలుసు. నీదే తెలీదు.”

“బేరం తగిలింది బాబూ, మళ్లీ మాటాడదాం,” అని ఖాళీ బస్తా ఒకటి దులపడం మొదలుపెట్టాను. అక్కడ బేరమూ లేదు, బేరగాడూ లేడు. అతను లేచి వెళ్లిపోయాడు.

పండుగ మొదలైన రోజు నేను పసుపు లోడుతో దిగుతున్నాను. బుజ్జిబాబు డ్రైవింగ్. జోడుమామిడి దగ్గర ఇరవైమంది ఆడవాళ్లు గెడ కట్టి నిలబడ్డారు. ముందు సోములమ్మ. పక్కన డిగ్రీ చదివే భానుశ్రీ అనే గుంట, చేతిలో పెద్ద నోటుబుక్కు. నేను యాభై నోటు తీశాను.

“నోటొద్దు సావుకారీ. ఈయేడు మా పజోరు పచ్చసీటీ. పై గేటుకాడ ఇచ్చినారు కదా, అదిలా ఇచ్చెయ్,” అంది సోములమ్మ.

నాకు అప్పుడు వెలిగింది. పై గేటులో ఇచ్చే చీటీ కింది గేటులో బూడిదవుతుంది. ఈ ఊరు రెంటికీ మధ్య. పండుగ మూడు వారాలూ ఏ బండైనా ఇక్కడ ఆగాల్సిందే, ఆడవాళ్లు అడిగింది ఇవ్వాల్సిందే, ఎవరూ కాదనలేరు. ఇది లాయరు బుర్ర కాదు, సోములమ్మ బుర్ర. లాయరు బుర్ర ఆ నోటుబుక్కులో ఉంది. లాక్కోకూడదు, అడగాలి, ఇష్టపడి ఇస్తేనే తీసుకోవాలి, బండి నంబరు, తేదీ, ఇచ్చినవాడి సంతకం రాయించుకోవాలి అని భానుశ్రీకి నేర్పింది అతనే.

నా దగ్గర చీటీ లేదు, పాసుంది. అది చూపిస్తే కొండంతా తెలిసిపోతుంది.

“సీటీ ఎక్కడో కిందన పడిపోనాదమ్మా,” అన్నాను.

సోములమ్మ వ్యానులోకి తల పెట్టి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “నీ సేతిలోంచి ఏదైనా కింద పడ్డాదంటే నేన్నమ్మను సావుకారీ. పసుపు గుండైనా సరే సీపురెట్టి ఎత్తుకుంటావు.”

ఆడవాళ్లందరూ నవ్వారు. బుజ్జిబాబు కూడా నవ్వాడు, నా జీతం తీసుకుంటూ. నేను వంద నోటిచ్చి బయటపడ్డాను. 

కింది గేటు దగ్గర చూడాలి తమాషా. బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కడి దగ్గరా చీటీ లేదు. కింది గేటువాడు మళ్లీ కట్టమంటాడు. డ్రైవర్లు పైన కట్టాం, కావాలంటే మల్లేశుకి ఫోను చెయ్యమంటారు. మల్లేశు అందరూ కట్టేశారంటాడు. వాడికి మామూలు ముట్టింది కాబట్టి అలా అంటున్నాడని కింది గేటువాడి అనుమానం. ఒకడు పైకి ఫోనులో తిడుతుంటే, ఇంకొకడు కిందికి తిడుతున్నాడు. హారన్లు. నేను పాసు చూపించి పక్కనుంచి జారుకున్నాను.

మూడో రోజుకి లక్ష్మీప్రసాద్ స్వయంగా జీపేసుకుని వచ్చాడు. జోడుమామిడిలో ఆయన జీపునీ ఆపారు. నేను వెనక వ్యానులోనే ఉన్నాను. అయిదొందల నోటు ఊపాడు.

“నోటొద్దు బాబూ, సీటీ,” అంది సోములమ్మ.

“నా గేటుకి నాకు సీటీయేటే?” అని గట్టిగా అరిచాడు.

ఒక్కసారి డప్పులు ఆగిపోయాయి. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత నవ్వు మొదలైంది చూడండి, కొండకి తగిలి తిరిగొచ్చింది. “రాయే గుంటా, బేగి రాయ్! బాబు గేటంట!” అని సోములమ్మ భానుశ్రీ వీపు తట్టింది. నవ్వుతూనే గెడ ఎత్తారు, జీపు దాని కింద నుంచి పోయింది.

కానీ ఆ నవ్వు మండలాఫీసులో పనిచేయలేదు. ఇరవై ఆరో తేదీన ఉదయ్ ఆరువందల పైచిలుకు చీటీలు, నోటుబుక్కు పట్టుకెళ్లి ఆఫీసరమ్మ టేబుల్‌మీద పెట్టాడు. లక్ష్మీప్రసాద్‌ని పిలిపించారు. ఆయన ఒక చీటీ తీసి వెలుతురులో పెట్టి చూసి, “ఇలాటి నెమలిముద్ర ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుద్దండి. నా పేరుందా? సంతకముందా? ఈ లాయరుగారే కొట్టించి పంచారేమో,” అన్నాడట. ‘నా గేటు’ అన్న మాట సంగతి తీస్తే, పండగపూట తాగి గంతులేసే ఆడవాళ్ల మాటకి విలువేమిటన్నాడట. ఆఫీసరమ్మ చీటీలు పక్కకి జరిపి, “సంతకం ఉన్నది ఒక్కటి తెండి సర్పంచిగారూ. ఒక్కటి చాలు. రేపు ఐదింటిదాకా కూర్చుంటాను,” అందట. బుజ్జిబాబు టీకొట్టులో విని వచ్చి నాకు చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా చొక్కా జేబువైపే చూశాడు.

ఇరవై ఏడు. పండుగ ఆఖరి రోజు. మూడు గంటలకి నా వ్యాను జోడుమామిడి చేరింది. గెడ తీసి ఉంది, దారి ఖాళీ. పక్కన కళ్లంలో ఊరంతా గుమిగూడి ఉంది. మగవాళ్లు పనసకాయలు భుజాన వేసుకుని తిరిగొచ్చేశారు. నడుమ ఉదయ్ తన మడతకుర్చీలో కూర్చున్నాడు. ఆ ఎండలో నల్లకోటు తొడుక్కుని ఉన్నాడు.

“కోటిప్పరా, పేడ మరక పోదు,” అంటోంది సోములమ్మ. కుండ ఆమె చంకలో ఉంది.

“ఏటకి ఈ బట్టల్తోనే కదత్తా ఎల్లినాను. దీనిమీదే పొయ్యి.” జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ముసలాయన చేతిలో పెట్టబోయాడు. రాజీనామా.

“ఆగరా, నీళ్లు సిక్కగా అయిపోనాయి, ఇంకో సెంబుడు కలపాలి,” అంది ఆమె. అప్పటికి రెండుసార్లు కలిపిందట. ఆమె కుండ ఎత్తడం లేదు. అందర్నీ ఏడిపించే మనిషికి ఆ రోజు ఒక్క మాటా సరిగ్గా తగలడం లేదు.

బుజ్జిబాబు ఇంజను ఆపేశాడు. ఆపమని నేను చెప్పలేదు.

నేను కూర్చునే లెక్క వేశాను. పాసు ఇస్తే సగం రేటు పోతుంది. రైతుల దగ్గర కోస్తున్నది పోతుంది. లక్ష్మీప్రసాద్ పగ పడతాడు. ముప్పయ్యొక్క ఏళ్ల పేరు పోతుంది. ఇవ్వకపోతే ఏమీ పోదు. మూడేళ్లు ఇలాగే నడుస్తుంది. మళ్లీ వేశాను. అదే వచ్చింది. ఏ వైపు నుంచి వేసినా వ్యాను స్టార్టు చెయ్యమనే వచ్చింది.

అయితే ఒక పద్దు ఎక్కడ రాయాలో తెలియలేదు. ఆ నలభై గ్రాములు. ఆ రోజు సంతలో ఆ కిలో రాయి పైకెత్తి ఒక్క కేక వేసుంటే నా వ్యాపారం ఆ గురువారమే మూతపడేది. అతనికి ఓట్లు కూడా పెరిగేవి. కేక వెయ్యలేదు. ఎండలో పెట్టమన్నాడు. గంట టైమిచ్చాడు. ఒక మనిషిని సరిచేసుకోమని గంట వదిలిపెట్టినవాడు, ఇప్పుడు ఎండలో కోటు తొడుక్కుని కూర్చున్నాడు.

వ్యాను దిగాను.

“కుండ దించమ్మా సోములమ్మా,” అని గుంపులోకి వెళ్లి ఆ లామినేషన్ ముక్క ఉదయ్ చేతిలో పెట్టాను.

అతను చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ చదివాడు. గొంతు తగ్గించి, “మామా, ఇది బయటపెడితే నీ పరువు పోద్ది,” అన్నాడు.

“ఎండలో పెట్టమన్నావు కదా బాబూ. పెడతన్నాను.”

“ఏటిరా అది? ఏటి రాసుంది?” అని సోములమ్మ.

ఉదయ్ నావైపు చూశాడు. చెప్పేలా లేడు. నేనే చెప్పాను. “లచ్చిప్రసాదు సంతకమమ్మా. నా యానుకి గేటు సగమేనని రాసిచ్చినాడు. మీ కాడ కిలోకి రూపాయి పూర్తిగా కోసేవోణ్ణి. సగం నా జేబులోకే ఎల్లింది.”

సోములమ్మ కుండ కింద దించింది. మొదట తేరుకున్నది ఉదయ్. కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. “అత్తా, సీటీలమీదున్న నెమలే ఇక్కడా ఉంది. పక్కనే సంతకం! టైమెంత?”

“మూడూ నలభై,” అంది భానుశ్రీ.

“బుజ్జిబాబూ, ఐదింటిలోగా...”

“ఎక్కండి బాబూ, బేగి!” బుజ్జిబాబు అప్పటికే స్టీరింగ్ ముందున్నాడు. ఉదయ్, చీటీల సంచీ, భానుశ్రీ, నోటుబుక్కు, అన్నీ నా పిప్పళ్ల బస్తాలమీద ఎక్కేశాయి. నేనూ ఎక్కబోయాను.

“నువ్వు దిగు సావుకారీ,” అంది సోములమ్మ తీరిగ్గా. “నీతో పనుంది. ఇంత కలిపినాం. పారబొయ్యలేం కదా?”

ఆ తర్వాత జరిగింది వివరంగా రాయను. కుండ నిండుగా ఉంది, చిక్కగానే ఉంది, అందులో తూకం మోసం లేదు. ఊరంతా ఆరేడు నిమిషాలు నవ్వారు. ఆ నవ్వు తగ్గాక నాకు వాళ్లమీద కోపం రాలేదు, వాళ్ల మొహాల్లో నామీద కోపమూ సగం తగ్గింది. మిగతా సగం బేరమాడి తీర్చుకున్నారు. సోములమ్మ పెనిమిటి పంచె ఒకటి కట్టుకుని, గట్టుమీద కూర్చుని గంటసేపు వాదించాను. కోసిన రూపాయికి బదులు సంత ధరమీద కిలోకి రూపాయి ఎక్కువిచ్చి రెండేళ్లు కొనమన్నారు. నేను ఆరు నెలలన్నాను. ఏడాదికి కుదిరింది. నీళ్లు కారుతున్న జుట్టుతో బేరమాడటం అదే మొదటిసారి.

మండలాఫీసులో పని తేలిగ్గా అయిపోయిందట. లక్ష్మీప్రసాద్ ఆ సంతకం తనది కాదన్నాడట. ఆయన మనిషి వేలానికి పెట్టిన దరఖాస్తులో జామీను పడ్డది లక్ష్మీప్రసాదే. ఆఫీసరమ్మ ఆ కాగితాన్నీ నా పాసునీ పక్కపక్కన పెట్టింది. రెండు సంతకాలకీ ఒకటే పొడుగు తోక. నెమలిముద్రలో ఒక ఈక విరిగి ఉంది. ఆరువందల చీటీల్లోనూ ఆ ఈక విరిగే ఉంది. కాగితం లేనిదే కదలని మనిషి కాగితం దొరికాక ఆగదని అప్పుడు తెలిసింది. దరఖాస్తు కొట్టేసి, పోలీసులకి ఫోను చేసి, గేట్లు రెండూ తీయించేదాకా కుర్చీలోంచి లేవలేదట. “పాసు లామినేషన్ చేయించిన మనిషెవరో గాని జాగ్రత్తపరుడు,” అందట నవ్వి.

పొద్దు కుంకే వేళకి వ్యాను హారను వినిపించింది. వాళ్లు రోడ్డుమీదే దిగారు. ఉదయ్ ముందు, బుజ్జిబాబు వెనక. అడవిపందిని కట్టి మోసుకొచ్చినట్టు ఇద్దరూ భుజాలమీద కింది గేటు వెదురుగెడ మోసుకొస్తున్నారు. ఉదయ్ కోటు భుజం దగ్గర చిరిగింది.

“అత్తా! ఏట!” అని అరిచాడు.

ఆడవాళ్లు దానిచుట్టూ చేతులు పట్టుకుని ఆడారు. సోములమ్మ ఆడలేదు. కత్తి తీసుకొచ్చి ఆ గెడని ముక్కలు ముక్కలుగా నరికి పొయ్యిలో పెట్టింది. “ఏట తెచ్చినాక వండాలి కదేటి,” అంది. ఆ మంటమీదే పనసకాయ కూర ఉడికింది. ముసలాయన ఉదయ్ రాజీనామా కాగితాన్ని పొయ్యిలో వెయ్యబోతే ఉదయ్ ఆపాడు. “ఉంచు తాతా. మళ్లీ రాయాల్సొస్తే కొత్త కాగితం కర్సు,” అన్నాడు. రెండేళ్లలో మొదటిసారి అతను గట్టిగా నవ్వడం చూశాను. నా అంచనా ఎంత తప్పిందో కూడా అప్పుడే తెలిసింది. ఇది ఊరికే నిలవుండే సరుకు కాదు, నిలవున్నకొద్దీ ధర పెరిగేది.

అడ్డాకు విస్తళ్లు వేశారు. అందరికీ రెండేసి గరిటెలు వడ్డిస్తూ వచ్చిన సోములమ్మ నా విస్తరిలో ఒక్క గరిటె వేసి ముందుకి కదిలింది.

“అమ్మా, ఇంకోటో?”

“నీది సగం రేటు కదా సావుకారీ,” అంది వెనక్కి తిరగకుండానే.

పక్కన కూర్చున్న ఉదయ్ నవ్వాపుకుంటూ, తన సంచి దగ్గరికి లాక్కుని కిలో రాయి బయటికి తీశాడు. “ఎండాకాలం కదా మామా, గురువారం నీ కాటా దగ్గరికొస్తాను. వెయ్యి చూపిస్తే మిగతా సగం నేనే వేయిస్తాను.”

“గురువారం దాకా ఎందుకండి,” అన్నాను. “బుజ్జీ, యానులోంచి కాటా దించరా!”